కుక్కల మీద వేసిన నింద

చీమలను నేను చూశాను.

ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు, మిగతా అంతా ఒప్పుకున్న రోజున వదినకు కూడా చెప్పలేదు. డైరీలో ఆ రోజు పేజీ తీస్తే "ఈ రోజు బొంతలు ఉతికాను" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఉతకడానికి ముందు తడిసిన బొంత అంచుకు నల్లచీమలు బారు కట్టి వచ్చాయని, నేను నిలబడి వాటినే చూశానని, అవి ఎందుకు వచ్చి ఉంటాయో నాకు తెలుసునని అందులో లేదు.

సహస్ర ఇప్పుడు బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. జబ్బుల గురించి ఎవరైనా రాసింది చదివేటప్పుడు నేను మొదట చివరి పేజీ తిప్పి, బతికారా లేదా అని చూసుకుంటాను. ఇది చదివేవాళ్లకు ఆ పని వద్దు.

సహస్ర మా అన్న కూతురు. ఎనిమిదేళ్లు. కోరుట్లలో మా ఇంట్లో ఉండేది అయిదుగురం: అమ్మ, అన్న రమేష్, వదిన రజిత, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ సహస్ర, నేను. అన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వదిన బట్టల దుకాణంలో పని చేస్తుంది. అమ్మ బీడీలు చుడుతుంది. నేను బీఎడ్ చేసి, టీచరు పరీక్షకు చదువుకుంటున్నాను. నలుగురి ముందు నాకు నోరు పెగలదు. చుట్టాలు వస్తే చాయ్ పెట్టి ఇచ్చి లోపలి గదిలోకి వెళ్లిపోతాను. సహస్రతో మాత్రం చాలా మాట్లాడతాను. అది మొదటి నుంచీ నా పక్కనే పడుకుంటుంది.

ఆ తర్వాత కుక్కలు. పోయిన వానకాలంలో మోరీ కాలువ పక్కన తడుస్తున్న రెండు కుక్కపిల్లలను సహస్ర గౌనులో వేసుకొని తెచ్చింది. నల్లదానికి బొగ్గు అని, గోధుమరంగుదానికి పల్లి అని పేర్లు పెట్టింది. బీడీల కోసం అమ్మ నానబెట్టి బట్టలో చుట్టి పెట్టిన తునికాకును బొగ్గు నోట కరచుకొని గల్లీ చివరిదాకా లాక్కుపోయేది. పల్లికి చెప్పుల పిచ్చి. జతలో ఒక్కటే ఎత్తుకుపోయేది, అదీ ఎప్పుడూ ఎడమకాలిదే. అన్నవి మూడు జతలు అట్లా పోయాయి.

"ఇవి కుక్కలు గాదు, ఇద్దరు అల్లుండ్లు అచ్చి కూసున్నరు. తినుడు, పండుడు, అలుగుడు," అనేది అమ్మ.

"అల్లుండ్లయితే దసరాకు వచ్చి పోతరు అత్తమ్మా. గీళ్లు పోరు," అనేది వదిన.

అట్లా నవ్వుకునే ఇల్లు మాది.

ఒంటిపూట బడులు పెట్టిన వారం

ఒక తెల్లవారుజామున సహస్ర నా భుజం కదిపింది. బొంత తడిసి ఉంది.

"అత్తా, మమ్మీకి చెప్తవా?"

"చెప్ప."

"బాపమ్మకు?"

"ఎవ్వలకు చెప్ప. లే, గౌను మార్చుకో."

దానికి పక్క తడిపే అలవాటు నాలుగేళ్లకే పోయింది. మళ్లీ ఎందుకు మొదలైందని నేను అడగలేదు. నాకు గుర్తొచ్చింది నా చిన్నతనం. నేను తొమ్మిదేళ్లదాకా పక్క తడిపాను. సిగ్గొస్తే మానుతుందని ఎవరో చెప్పగా, అమ్మ ఒకనాడు ఆ తడి బొంతను నా నెత్తి మీద పెట్టి వాకిట్లో నిలబెట్టింది. ఎదురింటి ఆడపిల్లలు ఇద్దరు బడికి పోతూ ఆగి చూశారు. వాళ్లతో నేను మళ్లీ మాట్లాడలేదు. అమ్మకు అది గుర్తుకూడా లేదు. ఇంత పిరికిదాన్ని ఎందుకయ్యానని ఆలోచించినప్పుడల్లా నాకు ఆ వాకిలే కనిపిస్తుంది. సహస్రకు ఆ వాకిలి వద్దనుకున్నాను.

అందుకే పొద్దున అమ్మ, "ఏందే గీ బొంత గిట్ల తడిసింది?" అంటే, "బొగ్గు ఎక్కినట్టున్నదే," అన్నాను. మామూలుగా నిజం చెప్పడానికే తడబడే నాకు ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

మరునాడు పల్లి పేరు చెప్పాను. మూడోనాడు మళ్లీ బొగ్గు. రెండు కుక్కలు ఉండటం ఎంతో కలిసి వచ్చింది.

సహస్ర నీళ్లు బాగా తాగేది. బడి నుంచి వచ్చి చెంబు ఎత్తి గటగటా తాగి, మళ్లీ చెంబు ముంచేది. రెండుసార్లు అన్నం పెట్టించుకునేది. అయినా గౌను భుజాల మీద నిలవడం లేదు. "ఎండకు చిక్కింది," అంది వదిన. "ఎండకే," అన్నాను నేను. రాత్రి నీళ్లు ఎక్కువ తాగుతోంది కాబట్టి పక్క తడుపుతోంది అని లెక్క సరిపెట్టుకున్నాను. ఎందుకు తాగుతోంది అన్న దగ్గరికి పోలేదు.

ఒకరోజు అమ్మకు ఓపిక పోయింది. బొగ్గు మెడ పట్టుకొని, మూతిని తడి బొంతకు ఆనించి, చీపురు తిరగేసి కొట్టింది. అట్లా చేస్తే కుక్కలకు బుద్ధొస్తుందంటారు. బొగ్గుకు ఏమీ అర్థం కాలేదు. అరవకుండా ఒంగి నిలబడి దెబ్బలు తిన్నది. తలుపు చాటున సహస్ర నా చున్నీ అంచు నోట్లో కుక్కుకొని నిలబడింది. అమ్మ వదిలేశాక బొగ్గు నేరుగా మా దగ్గరికే వచ్చి నా చెయ్యి నాకింది.

నేను ఆ చెయ్యి కడుక్కొని వెళ్లి చదువుకు కూర్చున్నాను.

కుక్కలను రాత్రిపూట బయట కట్టేయడం మొదలుపెట్టారు. బొంత తడవడం ఆగలేదు. "పల్లి తాడు ఊడదీస్కొని ఎనుక తలుపుల నుంచి వచ్చినట్టుంది," అన్నాను. తాడు విప్పి పల్లిని లోపలికి వదిలింది నేనే, ఎవరూ లేవకముందు. అంతదాకా వెళ్లాను.

చివరికి అన్న విసిగిపోయాడు. పెగడపల్లి దగ్గర మా చిన్నమ్మ వాళ్లకు పొలం ఉంది. "ఆడ మక్కచేన్ల కావలన్న ఉంటయి," అని రెండింటినీ ట్రాలీ ఆటోలో ఎక్కించాడు. సహస్ర ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకొని నా ముఖంలోకి చూసింది. నేను ఏదో ఒకటి అంటానని చూసింది. ఆటో పోయేదాకా చూసింది.

కుక్కలు లేని మూడు రోజులు

మరునాటి తెల్లవారి బొంత మళ్లీ తడిసింది. ఈసారి చెప్పడానికి ఇంట్లో కుక్క లేదు.

చీమలు వచ్చింది ఆ రోజే. గోడ కింది పగులు నుంచి బొంత అంచుదాకా ఒకే బారు. జగిత్యాల గ్రంథాలయంలో పరీక్షకు చదివే రోజుల్లో ఆరోగ్యం పుస్తకం ఒకటి చదివాను. షుగరు ఉన్నవాళ్ల మూత్రానికి చీమలు పడతాయని అందులో ఉంది. ఆ వాక్యం ఎడమవైపు పేజీలో ఉండటం కూడా నాకు గుర్తు. అది పెద్దవాళ్ల జబ్బు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్లకు షుగరేంది అనుకున్నాను. నిజానికి నేను భయపడింది జబ్బుకు కాదు. ఇప్పుడు నోరు తెరిస్తే మూడు వారాల అబద్ధమంతా బయటపడుతుంది. కొట్టించుకున్న కుక్క, పంపేసిన కుక్కలు, అమ్మ ముఖం, వదిన ముఖం. వాటికి భయపడ్డాను.

చీమల చాక్‌పీసు తీసి గోడ పొడవునా గీత గీశాను. ఇంట్లో బొంతలన్నీ తీసుకుపోయి ఉతికాను. ఉగాది వారం రోజులుందనగా బొంతలు ఉతుకుతున్న ఆడపిల్లను చూసి అమ్మ మురిసిపోయింది. "పుస్తకాలు మూసి పని వట్టుకున్నది నా బిడ్డ," అని గల్లీలో వాళ్లకు చెప్పింది.

మూడోనాడు సహస్ర బడికి పోలేదు. కడుపునొప్పి అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అనుకొని నేనే గ్లూకోజు పొడి కలిపి రెండు గ్లాసులు తాగించాను. మధ్యాహ్నానికి అది పడుకొనే పరుగెత్తినట్టు ఊపిరి తీస్తోంది. నోటి నుంచి మాగిపోయిన పండు వాసన. పిలిస్తే కళ్లు తెరిచి, ఎవరినో చూసినట్టు చూసి మళ్లీ మూసుకుంది.

గల్లీలోని డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి, "నేను ముట్టుకోను, జగిత్యాల తీస్కపోండ్రి, జల్ది," అన్నాడు.

జగిత్యాల

ఆటోలో వదిన ఒళ్లో సహస్ర తల, నా ఒళ్లో కాళ్లు. ఆ కాళ్లు ఎంత సన్నబడ్డాయో అప్పుడు చూశాను.

పిల్లల ఆసుపత్రిలో వేలు గుచ్చి రక్తం చూశారు. ఆ మిషన్ మీద అంకె రాలేదు, ఎక్కువ అని మాత్రమే వచ్చింది. డాక్టరు అడుగుతూ పోయాడు. నీళ్లు ఎక్కువ తాగుతుందా, తాగుతుంది సార్. చిక్కిందా, చిక్కింది సార్.

"పక్క తడుపుతుందా?"

"లేదు సార్, ఆ అలవాటు ఎన్నడో పోయింది," అంది వదిన. "ఈ మధ్య పక్కంత కుక్కలు ఖరాబు చేసినయ్, అవ్వి పంపించినం."

నేను వదిన వెనకే నిలబడి ఉన్నాను. ఆమె జడ కొస నా చేతికి తగిలేంత దగ్గర. నోరు తెరిచాను కూడా. డాక్టరు అప్పటికే రాసుకొని లోపలికి పోయాడు.

తర్వాత బయటికి వచ్చి, అన్నకు వదినకు కలిపి చెప్పాడు. పిల్లకు షుగరు, చిన్నపిల్లలకు వచ్చే రకం. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరు ఆపినా ఆగేది కాదు. కానీ ఒంట్లో విషం పట్టేదాకా వచ్చింది. "ఒక పది రోజుల ముందు తెలిస్తే సూదులతోనే, ఐసీయూ లేకుండా ఇంటికి పోయేటోళ్లు. ఈ రెండు రోజులు గడవాలె," అన్నాడు.

మొదటి మాట అందరినీ ఓదార్చింది. రెండోది నాకు ఒక్కదానికే తగిలింది.

ఐసీయూ ముందు ఇనుప కుర్చీలు వరుసగా ఉండేవి. తలుపు తెరిచినప్పుడల్లా అందరం లేచేవాళ్లం. నర్సు ఎవరి పేరు పిలుస్తుందో విని, మిగతావాళ్లు మళ్లీ కూర్చునేవాళ్లు. మా పక్కన ఒక ముస్లిం ముసలమ్మ, అందరూ ఖాలా అనేవాళ్లు, మనవడిని తెచ్చింది. రెండో రోజు నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే డబ్బా మూత తీసి రొట్టె చేతిలో పెట్టింది.

"తిను బేటా. ఖాళీ కడుపుతోని దువా చేస్తే అల్లాకు గూడ ఇనపడది."

"వద్దు."

"వద్దంటె నేను తింటనా? నాకు పండ్లు లెవ్వు, గిది గట్టిగున్నది. నీ కోసమే." తర్వాత గొంతు తగ్గించింది. "ఏడ్సుడుంటె బాత్రూంల ఏడు. గీడ ఏడిస్తె పిల్ల తల్లి జూస్తది, ఏమైందో అని ఆమె పానం పోతది."

ఆ రొట్టె తిన్నాను. ఆమె పేరు అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

అదే రోజు సాయంత్రం అమ్మ వచ్చింది. కూర్చోగానే, "మా ఇంట్ల ఏడు తరాల నుంచి ఎవలకు లేదు గీ షుగరు," అంది, ఎవరితోనూ కానట్టు.

వదిన తల ఎత్తింది. "అంటె మా నాయినకున్నదనా అత్తమ్మా?"

"నేను ఎవ్వల పేరు తియ్యలే."

"తియ్యకున్నా సమజైతది."

"కన్నతల్లివి, పొల్ల గింత చిక్కితే కండ్లకు కనవడలేదా?"

వదిన చెప్పులు తొడుక్కొని మెట్ల మీదికి పోయి కూర్చుంది. అన్న ఇద్దరి మధ్య నిలబడి తాళాల గుత్తి తిప్పుతూ ఉన్నాడు. ఆ తల్లికి కనపడకుండా చేసింది నేను. ఒక్క మాటతో ఆ గొడవ ఆపగలిగేదాన్ని. ఆపలేదు.

నాలుగో రోజు సహస్రను వార్డులోకి మార్చారు. కళ్లు తెరవగానే కుక్కల గురించి అడిగింది. అన్న అప్పటికప్పుడు బండి తీసుకొని పెగడపల్లి పోయాడు. తనకు రోజుకు నాలుగు సూదులు పడతాయని కూడా ఆ పూటే సహస్ర విన్నది. ప్రతిసారీ ముడుచుకుపోయేది, కానీ వద్దని అనేది కాదు. అంత బుద్ధిగా ఎందుకు వేయించుకుంటోందో ఇంటికి పంపే ముందురోజు తెలిసింది. వదిన మందులకు కిందికి పోయినప్పుడు అడిగింది.

"అత్తా, కుక్కలు తడిపినయని చెప్పింది నువ్వా, నేనా?"

"నేనే."

"మరి సూదులు నాకెందుకిస్తుండ్రు?"

అప్పుడే నర్సు లోపలికి వచ్చింది. నేను లేచి పక్కకు జరిగాను.

సిరిసిల్ల

ఆసుపత్రి నుంచి వదిన కోరుట్లకు రాలేదు. అమ్మ ఆడిన మాటలు ఆమె మనసులో ఇంకా ఉన్నాయి. బిడ్డను తీసుకొని సిరిసిల్లలో తల్లిగారింటికి పోయింది. అన్న రోజు విడిచి రోజు వెళ్లి వచ్చేవాడు. వచ్చాక అమ్మతో మాట్లాడేవాడు కాదు, అన్నం తానే వడ్డించుకునేవాడు. బొగ్గు, పల్లి తిరిగి వచ్చాయి. చిన్నమ్మ వాళ్ల దగ్గర మక్కకంకులు కొరకడం నేర్చుకొని వచ్చాయి. గేటు చప్పుడైతే పరుగెత్తి వెళ్లి, బడి సంచి లేనివాళ్లను చూసి వెనక్కి వచ్చేవి.

ఆ ప్రశ్నతో నేను పదహారు రోజులు ఉన్నాను. డైరీలో మూడు రకాల జవాబులు రాసి కొట్టేశాను. ఒక పొద్దున అమ్మకు కూడా చెప్పకుండా బస్సెక్కి, వేములవాడలో మారి సిరిసిల్లలో దిగాను. ఒక్కదాన్ని అంత దూరం పోవడం అదే మొదటిసారి.

వదిన వాళ్ల నాన్న ఒకప్పుడు సాంచాల మీద బట్ట నేసేవాడు. ఇప్పుడు మానేశాడు గానీ గల్లీ అంతా సాంచాల చప్పుడే. ఆ చప్పుడులో గొంతు పెంచకపోతే పక్కమనిషికి వినపడదు. నాలాంటిదానికి కష్టమైన ఊరు.

సహస్ర అరుగు మీద బొమ్మలకు సూదులు వేస్తోంది. పక్కన కూర్చున్నాను.

"ఆనాడు అడిగినవ్ గదా, సూదులెందుకని. తప్పు చేసినందుకు గాదు బిడ్డా. ఒంట్ల తయారుగావాల్సిన మందు ఒకటి నీకు తయారైతలేదు. అందుకే బయటినుంచి ఏస్తుండ్రు. అబద్ధం నాది. నీది గాదు."

అది బొమ్మ చెయ్యి తిప్పి చూస్తూ అంది, "మరి బొగ్గును కొడ్తుంటె చెప్పకపోతివి?"

"భయమైంది."

"నాకు గూడ భయమైంది. గని నేను చిన్నదాన్ని."

ఆ మాటతో లేచి లోపలికి పోయాను. వదిన చాటలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే ఆగిపోతానని. మొదటి రోజు నుంచి తాడు విప్పిన రోజుదాకా అంతా చెప్పాను. చీమల సంగతి ఒక్కటి వదిలేశాను. వదిన చేతులు ఆగలేదు. రాయి తీసి పక్కన వేస్తూనే ఉంది.

"ఎన్ని రోజులు?"

"మూడు వారాలు."

"డాక్టర్ సార్ నన్ను అడిగినప్పుడు నువ్వు నా ఎన్కనే ఉంటివి గదా?"

"ఉన్న."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. మళ్లీ ఏరడం మొదలుపెట్టలేదు. చాట పక్కన పెట్టి పెరట్లోకి పోయింది. సాంచాల చప్పుడులో ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు. వాళ్ల అమ్మ నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు

బడులు తెరిచాక వదిన, సహస్ర కోరుట్లకు వచ్చేశారు. అమ్మ వంటింట్లో చక్కెర డబ్బా పైఅరలోకి ఎక్కించింది. వదినతో మాట తూలిందని ఒప్పుకోలేదు గానీ, ఆమెకు రోజూ పొద్దున తానే చాయ్ ఇస్తోంది. నేను నిజం చెప్పిన రోజున బొగ్గుకు పాలన్నం కలిపి పెట్టి, అది తినేదాకా పక్కనే కూర్చుంది. కుక్కలు బుద్ధి మార్చుకోలేదు. పోయిన వారం పల్లి సూదుల సంచీ ఎత్తుకుపోతే, గల్లీలో మేమందరం దాని వెంట పరుగెత్తాము. సహస్ర అరుగు మీద నిలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

మీ ఇంట్లో మానేసిన పిల్ల మళ్లీ పక్క తడుపుతుంటే, నీళ్లు తెగ తాగుతుంటే, తింటూనే చిక్కిపోతుంటే సిగ్గుపడి దాచకండి, ఎవరి మీదా తోయకండి. వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం చూపించండి. నాకు తెలిసిన సలహా ఇది ఒక్కటే.

వదిన పొద్దున్నే దుకాణానికి పోతుంది కాబట్టి పొద్దటి సూది నేనే వేస్తాను. ఒకే ఇంట్లో ఉంటున్నాము, ఒకే కుండ అన్నం తింటున్నాము. నాకు చెప్పాల్సింది ఉంటే వదిన సహస్రతో చెప్పిస్తుంది. అది ఆ పనిని ఎంతో ఇష్టంగా చేస్తోంది. "అత్తా, మమ్మీ నిన్ను అన్నం తినుమంటుంది," అని రెండడుగుల దూరం నుంచి మోసుకొస్తుంది.

ఆ రోజు సిరిసిల్లలో నేను తిరుగు ప్రయాణమైనప్పుడు వదిన గల్లీ మలుపుదాకా వచ్చింది. ఆటో ఆపింది, నన్ను ఎక్కమంది. సాంచాల చప్పుడుకు నాకు వినపడాలని ఆటోలోకి వంగింది. ఆమె నాతో నేరుగా మాట్లాడింది అదే ఆఖరు.

"నాకు కోపం ఉన్నది స్రవంతీ, లేదని అనను. అది పోయిననాడు నేనే మాట్లాడ్త, గప్పటిదాక నువ్వు నాతోని మాట్లాడకు. గని పొల్లకు ఏమన్న అయితె, గదెంత చిన్నదైనా, అందరికంటె ముందుగాల నాకే చెప్పు."